కంకణం విప్పిన అర్జునుడు

మా బావ మునస్వామిని ఎవరైనా కళాకారుడు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మదనపల్లెలో కొత్తగా సంఘం పెట్టుకున్న కుర్రాళ్ళు నలుగురు మా ఇంటికి వచ్చారు. మన పక్క నుంచి సొంతంగా సినిమా తీసి, అందులో తనే వేషం కట్టిన మనిషి కదా, సన్మానం చేస్తాం, నాలుగు మంచి మాటలు చెప్పండమ్మా అన్నారు. ఆయన్నే అడక్కపోయారా అంటే, పుంగనూరు సంతలో ఆయన మైకు పట్టుకుని పురుగుమందుల గురించి అరుస్తున్నాడట, "వసంతమ్మను అడగండి, ఆ యమ్మకు తెలుసు" అని మా ఇంటి దారి చూపించాడట. కాఫీ ఇచ్చి పంపించేశాను. మంచి మాటలు లేక కాదు. అవి చెబితే మిగతావి కూడా చెప్పాలి, సన్మానం చేసేవాళ్ళకు అవి పనికిరావు.

నేను ఆయన మరదలిని. మా అక్క పార్వతమ్మ ఆయన భార్య. నేను నర్సు చదువు చదివి పుంగనూరులో కొన్నేళ్ళు, కుప్పంలో కొన్నేళ్ళు ఉద్యోగం చేశాను. కూలినాలి చేసుకునే మా ఇళ్ళల్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని కాబట్టి నా నోరు కాస్త పెద్దది. బావను ఎగతాళి చేసే హక్కు మరదలికి ఎటూ ఉండనే ఉంది. ఆ హక్కును నేను ఏనాడూ వృథా చేసుకోలేదు.

మాది పెద్దపంజాణి పక్కన పల్లె. ఎండాకాలంలో ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అందులో అర్జున తపస్సు మాత్రం పట్టపగలే. పొడుగాటి తాటిమాను పాతి, దానికి మెట్లు కొట్టి, కొన మీద చిన్న మంచె కడతారు. అర్జునుడి వేషగాడు మెట్టుకొక పద్యం పాడుతూ పైకి ఎక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు పస్తుండి, తలమీద బిందెలతో నీళ్ళు పోసుకుని, తడిచీరలతో మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. దాన్నే వరపడటం అంటారు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయో పువ్వో ఒంటిమీద పడితే కడుపు పండుతుందని నమ్మకం. నేను నర్సును, నా నమ్మకం సంగతి వదిలెయ్యండి. ఆ బురదలో పడుకున్న వాళ్ళ వీపులు ఏడుపుతో ఎగిరెగిరి పడుతుంటే నవ్వినవాణ్ణి మా ఊళ్ళో ఇంతవరకూ నేను చూడలేదు.

ఆ వేషం బావది. గొంతు బాగుంటుంది, నిలువెత్తు మనిషి, ముక్కు తీరైంది. భారతం మొదలైన రోజు చేతికి పసుపు కంకణం కట్టుకున్నాడంటే ఇక మాంసం లేదు, కల్లు లేదు, పెళ్ళాం చాప వైపు చూపు లేదు. దుర్యోధనుణ్ణి చంపడం అయిపోయాకే ఆ కంకణం విప్పుతారు. ఆ రోజుల్లో ఊరి ఆడవాళ్ళు ఆయన ఎదురొస్తే చెప్పులు విప్పి పక్కకు నిలబడేవాళ్ళు. విచిత్రమేమిటంటే మా అక్కకు పిల్లలు లేరు. మొగుడు ఎక్కిన మాను కింద పెళ్ళాం వరపడకూడదని మా పక్క కట్టుబాటు. ఊరందరికీ వరాలు విసిరే మనిషి ఇంట్లో ఊయల లేదు. అక్క ఆ రోజు గుడి గోడ పక్కన నిమ్మకాయల బుట్ట మోసుకుని నిలబడేది.

సినిమా పిచ్చి ఆయనకు హార్స్‌లీ హిల్స్‌లో పట్టుకుంది. డెబ్బయి రెండులో మద్రాసు కంపెనీ ఒకటి కొండ మీద పాట తియ్యడానికి వచ్చింది. తళతళలాడే అట్టలను ఎండకు ఎదురుగా పట్టుకునే పనికి మనుషులు కావాలంటే బావ పోయాడు. అక్కడ హీరో పాడటం లేదని, పెట్టెలోంచి పాట వస్తుంటే పెదవులు ఆడిస్తున్నాడని చూసి మతి పోయి ఇంటికి వచ్చాడు.

"పద్యం రాదు, రాగం రాదు, వానికి కుర్చీ, గొడుగు, ఆ గొడుగు పట్టేదానికి ఇంగొక మనిషి. మానంతా ఎక్కి పాడతాండానే, నాకు ఎవురన్నా గొడుగు పట్టినారా పార్వతీ?" అన్నాడు.

"మాను ఎక్కినోనికి గొడుగు యాలయ్యా?" అంది అక్క.

ఆ మాటకు అలిగాడో ఏమో, మద్రాసుకు పోయాడు. రెండేళ్ళు ఉన్నాడు. సైనికుడి వేషం, బంట్రోతు వేషం, సంతలో జనం వేషం. అన్నింటికన్నా గొప్ప వేషం శవం. పాడె మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుకోబెట్టారట, హీరోకు ఏడుపు కుదరక మళ్ళీ మళ్ళీ తీశారట, ఈగలు ముక్కులోకి దూరుతున్నా కదలకూడదట. ఆ సినిమా వచ్చిందని మేమంతా పనులు మానుకుని మదనపల్లెకు పోయి చూశాం. పాడె కనిపించింది. బావ పాదాలు కనిపించాయి. ఆ పాదాలను చూసి అక్క కళ్ళు తుడుచుకుంది, నాకైతే ఉక్రోషం వచ్చింది. ఇంత గొంతున్న మనిషిని తీసుకుపోయి పాదాలు చూపించి పంపారు కదా అని.

మద్రాసు నుంచి తిరిగి వస్తూ దొరస్వామి అనే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. కెమెరా దగ్గర సహాయకుడిగా పని చేసి, తాగుడు వల్ల ఆ పని పోగొట్టుకున్నవాడు. ఎక్కడో పారేసిన చిన్న కెమెరా ఒకటి వాడి దగ్గర ఉంది. అది పని చేసే రోజు వాడు పని చెయ్యడు, వాడు పని చేసే రోజు అది పని చెయ్యదు. ఆ ఇద్దరితోనే బావ డెబ్బయి ఏడులో 'ఉలవ చేను' అని తన మొదటి సినిమా తీశాడు. కరువులో ఒక రైతు ఎద్దును అమ్ముకోవడం, అంతే కథ. రైతు వేషం బావది. ఆడవేషానికి ఎవరూ రాకపోతే అక్కనే నిలబెట్టాడు. ఆమె సిగ్గుతో కెమెరాకు వీపు పెట్టిందే పెట్టింది, సినిమా అంతా వీపుతోనే నడిపించాడు.

ఆ సినిమాకు మాటలు లేవు, మాటలు పట్టే యంత్రం వీళ్ళ దగ్గర లేదు. అందుకని బావ ఒక పద్ధతి కనిపెట్టాడు. రెండు వెదురు బొంగులకు తెల్ల పంచె కట్టి బొమ్మ వేసేవాళ్ళు. బావ ఆ పంచె పక్కన నిలబడి అన్ని గొంతులూ తనే పలికేవాడు. రైతు గొంతు, పెళ్ళాం గొంతు, షావుకారు గొంతు, చివరికి ఎద్దు అరుపు కూడా. పుంగనూరు సంతలో, వెంకటగిరికోట పక్క పల్లెల్లో, ఎక్కడ కరెంటు దొరికితే అక్కడ ఆడించాడు. జనం రాగులు, చెనిక్కాయలు తెచ్చి పోసి చూశారు. ఎద్దును తోలుకుపోయేటప్పుడు బావ అరిచిన అరుపుకు ముందు వరసలో ఒక ముసలాయన లేచి "వద్దప్పా, అమ్మొద్దు" అని పంచె మీదికి పోయాడు. నేను చూశాను. నాకూ ఏడుపు వచ్చింది. బావను చూసి గర్వపడ్డ రోజులు నా లెక్కన అవే.

అక్కడితో ఆగి ఉంటే ఈ రాతకు పనే లేదు. మదనపల్లెలో ఎవడో పంతులు "బాగుంది గానీ ఇది సినిమా కాదప్పా, బొమ్మలాట" అన్నాడట. ఆ ఒక్క ముక్క ఈయన గుండెలో ముల్లులా దిగింది. ఇక నిజమైన సినిమా తియ్యాలి, రంగులు ఉండాలి, మాటలు ఉండాలి, టాకీసుల్లో ఆడాలి. మదనపల్లె బస్టాండు పక్క లాడ్జిలో గది తీసుకుని నెలల తరబడి కథ అల్లాడు. అక్క మెడలోది పోయింది, చేతులవి పోయాయి, ఉన్న మెట్ట చేను పోయింది. అక్క పుంగనూరులో ఒక్కగది ఇంట్లోకి మారి బీడీలు చుట్టడం మొదలుపెట్టింది.

కథ మాత్రం మంచిదే. 'మాను మీద మనిషి' దాని పేరు. ఊరందరికీ బిడ్డలనిచ్చే అర్జునుడి వేషగాడు, బిడ్డలు లేని వాడి పెళ్ళాం. తన కడుపులో ఉన్నదే రాసుకున్నాడు కాబట్టి అది మంచిది కాక ఏమవుతుంది? అయితే తపస్సు మాను ఘట్టం నాటకంలా కాదు, నిజంగా జరిగేటప్పుడే తియ్యాలన్నాడు. నిజంగా వరపడే ఆడవాళ్ళు కావాలన్నాడు. ఎనభై ఒకటి ఎండాకాలం అది.

ఊళ్ళో ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళందరికీ పెద్దగొంతు అంకమ్మ. నాతోపాటు పెరిగిన మనిషి. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు లేరు, అత్తగారింట్లో రెండో పెళ్ళి మాట నడుస్తూ ఉంది. అంకమ్మ ఒప్పుకుంటే అందరూ ఒప్పుకుంటారని బావ ఆమె ఇంటికి పోయాడు. నేను సెలవు మీద వచ్చి ఆమె దగ్గరే కూర్చుని ఉన్నాను.

"సినిమా మిసను ముందర పండుకుంటే దేవుడు వరమిస్తాడా మునస్వామన్నా? తడిచీరతో ఉండేటప్పుడు మొగోళ్ళు తలకాయ తిప్పుకుంటారని గదా మేము ఆడ పండుకునేది" అంది అంకమ్మ.

బావ చెయ్యి ముందుకు చాపాడు. అప్పటికే కంకణం కట్టుకుని ఉన్నాడు.

"ఇదో, ఈ కంకణం మింద ఒట్టు. ఎదురుగా సారువ కట్టిస్తాండా. ఆ పైనుంచి తీస్తే పూలు ఆరబోసినట్ల అగుపడతారు. ఒక్కరి మొగం తెలీదు, ఒక్కరి ఒళ్ళు తెలీదు. నా నోటి మాట కాదమ్మా, అర్జునుని మాట."

అంకమ్మ ఆ కంకణానికి దండం పెట్టింది. "అట్లయితే సరేన్నా" అంది. ఆమెతోపాటు అందరూ సరేనన్నారు.

ఆ రోజు షూటింగ్ నేను కళ్ళారా చూశాను. సరుగుడు కట్టెలతో మానుకు ఎదురుగా ఎత్తైన సారువ కట్టారు, దాని మీద దొరస్వామి. బావ ఎక్కుతుంటే గొంతు మేఘాలకు తగిలేలా ఉంది. ఆడవాళ్ళు ఎండలో తడిచీరలతో పడుకున్నారు. నిమ్మకాయలు రాలాయి, ఒకటి అంకమ్మ వీపు మీద పడింది. ఆమె దాన్ని కొంగున కట్టుకుని పిచ్చిదానిలా నవ్వుతూ ఏడుస్తూ ఇంటికి పరిగెత్తింది. మరుసటి ఏడు ఆమెకు కొడుకు పుట్టాడు. నర్సుగా నేను ఏమనుకున్నా, తల్లి మాత్రం వాడికి అర్జునప్ప అని పేరు పెట్టింది.

అందరూ పైకి చూస్తున్నప్పుడు దొరస్వామి సారువ దిగాడని మాకెవరికీ తెలియదు. జనం సందుల్లోంచి, దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాగే అద్దం ఒకటి పెట్టి, పడుకున్న వాళ్ళను ఒక్కొక్కరినీ తీశాడు. ఆ సంగతి మద్రాసులో ఫిలిం కడిగించినప్పుడు బయటపడింది. బావ వాడి చొక్కా పట్టుకున్నాడట. ఇంటికొచ్చి గొప్పగా మాకు చెప్పాడు.

"ఆ ముక్క కత్తిరించి వేరే డబ్బాలో పెట్టేసినా వసంతా. మాటంటే మాటే."

"డబ్బాలో యాల బావా? పొయ్యిలో పెట్టకపోయినావా?" అన్నాను.

"ఫిలింను కాల్చకూడదు. అది మా చదువు" అన్నాడు.

ఆయన చదువు మీద అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఒట్టు నిలబెట్టుకున్నాడులే అని అక్కతోపాటు నేనూ సంతోషపడ్డాను.

సినిమా తయారైంది, కొనేవాడు లేడు. బావ ఆ డబ్బాలు మోసుకుని తిరగని ఊరు లేదు. చివరికి కృష్ణప్ప దొరికాడు. కుప్పం వైపు, సరిహద్దు అవతల రెండు మూడు టాకీసులు గుత్తకు తీసుకుని నడిపే మనిషి. పుంగనూరులో అక్క ఇంటికి వచ్చి, అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, చెయ్యి పంచెకు తుడుచుకుని మాట్లాడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. పక్కన ఆడవాళ్ళం ఇద్దరం ఉన్నామన్న ధ్యాస లేదు.

"మునస్వామప్పా, నీ యాక్షన్ బాగుండాది. అయితే ఆడోళ్ళను పైనుంచి చూపిస్తే చీమల మాదిరి ఉండారు. తడిచీరలని కథలో ఉండాది, తెర మింద లేదు. దగ్గిరగా తీసింది ఏమన్నా ఉండాదా? ఉంటే చెప్పు, రేపే పోస్టరు వేస్తా."

బావ లేచి నిలబడి వీధి తలుపు చూపించాడు. "నా ఇంట్లో ఈ మాట ఇంగోసారి అనొద్దు, నడువు" అన్నాడు. కృష్ణప్ప నవ్వుకుంటూ పోయాడు. ఆ పూట అక్క బావకు నెయ్యి వేసి అన్నం పెట్టింది.

ఎనభై మూడులో నన్ను కుప్పం ఆసుపత్రికి మార్చారు. చేరిన కొన్ని నెలలకు బస్టాండు గోడ మీద పోస్టరు కనిపించింది. మాను చిన్నగా ఒక మూల, మిగతా గోడంతా ఒంటికి అతుక్కున్న చీరలతో పడుకున్న ఆడవాళ్ళు. కింద 'పెద్దలకు మాత్రమే'. పైన 'మాను మీద మనిషి'. చదివిందే మళ్ళీ చదివాను. ఆ పోస్టరు ముందు నిలబడి ఇద్దరు మగవాళ్ళు వక్కాకు నములుతూ ఏదో అని నవ్వి, పక్కకు ఉమ్మారు. ఆ ఉమ్ము నా ముఖాన పడ్డట్టే అనిపించింది.

మ్యాట్నీకి పోయాను. రేకుల టాకీసు. ఆడవాళ్ళ వైపు నేనొక్కదాన్నే. టికెట్టు చింపే మనిషి "నీకెందుకమ్మా ఈ సినిమా" అన్నాడు. సగం ఆట దాకా హాల్లో బీడీ పొగ, ఆవలింతలు. బావ మాను ఎక్కుతుంటే "తొందరగా ఎక్కప్పా" అని కేకలు. అంత మంచి పద్యాన్ని మధ్యలో కత్తిరించేశారు. అప్పుడు వచ్చింది ఆ ముక్క. వీపులు, నడుములు, పిక్కలు. ఈలలు, కుర్చీల మీద గుద్దులు. "ఇంగోసారి" అని అరుపులు. ఆపరేటరు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వేశాడు. రెండోసారి వేసినప్పుడు నేను ఆ చీరను గుర్తుపట్టాను. పచ్చంచు చీర, మొదటి జీతంతో నేను అంకమ్మకు పెట్టింది. కళ్ళలో నీళ్ళు కారిపోతుండగా ఆమె తల ఇటు తిప్పింది. ముఖం తెరంతా నిండింది. ఎవడో "కొంగు తియ్యే" అని అరిచాడు.

బయటికి వచ్చి గోడ పక్కన వాంతి చేసుకున్నాను. ఆసుపత్రిలో పుండ్లు కడిగిన దాన్ని, కుళ్ళిన కాళ్ళు చూసిన దాన్ని, నాకు ఏనాడూ వాంతి కాలేదు.

తల ఎత్తేసరికి ఎదురుగా టీ అంగడి దగ్గర బావ. పట్టు జుబ్బా, నల్లద్దాలు. తన సినిమా ఆటకు జనం ఎంతమంది వచ్చారో చూసుకోవడానికి వచ్చాడు.

"వసంతా! సూసినావా? హాలు నిండిపోయింది" అన్నాడు.

"ఆ డబ్బా కృష్ణప్పకు ఇచ్చేసినావా? ఒట్టు ఏమైంది బావా?" అన్నాను.

అద్దాలు తీసి తుడుచుకున్నాడు. సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను. కాదు, ఈ ప్రశ్నకు జవాబు ముందే తయారుచేసుకుని ఉన్నాడు.

"ఒట్టు పెట్టింది ఎవురు? కంకణం కట్టుకున్న అర్జునుడు. ఆ కంకణం ఆ ఏడే గుడి కాడ ఇప్పేసినాం గదా, నీళ్ళల్లో వదిలేసినాం గదా. ఇప్పినాక కల్లు తాగితే తప్పా? మాంసం తింటే తప్పా? కాదు గదా. ఒట్టు కూడా అంతే. అర్జునుని మాట అర్జునునితో పొయ్యింది. ఈడ ఉండేది మునస్వామి."

మా పక్క మనుషులకు తప్ప ఇంకెవరికీ తట్టని సాకు అది. పంచాయితీలో పెడితే నలుగురు పెద్దలు తల ఊపినా ఊపుతారు. తాగినవాడు చేసిన తప్పు కాదు, డబ్బుకు ఆశపడి చేసిన తప్పు కూడా కాదు. రోజూ పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ, ఆ వాదాన్ని తనకు తాను చెప్పుకుని నున్నగా చేసుకున్నాడు.

"ఇంగొక సంగతి విను" అన్నాడు, నా భుజం మీద చెయ్యి వెయ్యబోతూ. "ఆ ముక్క కోసరం వచ్చినోళ్ళు నా యాక్షన్ కూడా సూస్తాండారు గదా? లేకుంటే నన్ను సూసేదెవురు?"

చెయ్యి తోసేశాను. "శవం వేషం కట్టినప్పుడే నువ్వు బాగుండావు బావా. అప్పుడు పాదాలన్నా శుభ్రంగా అగుపడినాయి" అని వచ్చేశాను.

ఊరికి తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. అంకమ్మ భర్త సిద్దప్ప బెల్లం బండితో వెంకటగిరికోటకు పోయి, అక్కడ సినిమా చూసి వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. పచ్చంచు చీర తీసి గొడ్లపాకలో పేడ ఎత్తడానికి వేశాడు. అంకమ్మ పొద్దు ఎక్కాక నీళ్ళకు పోవడం మానేసి, ఊరు లేవకముందే పోయి వచ్చేసేది. నేను పోతే ఒక్క మాటే అడిగింది.

"మొగం అగుపడిందామ్మే?"

"లేదమ్మే" అన్నాను.

నమ్మలేదు. అయినా నేను అబద్ధం చెప్పినందుకు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఊళ్ళో మగవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు కోపం రాలేదు. సగం మంది కుప్పం పోయి చూసి వచ్చారు, మిగతా సగం బస్సు ఛార్జీ దొరక్క ఆగిపోయారు. అరుగుల మీద కూర్చుని ఏ చీర ఎవరిదో పోల్చుకునేవాళ్ళు. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి గుడి ధర్మకర్త చెంగయ్య ఎప్పటిలాగే తాంబూలం పట్టుకుని బావ దగ్గరికి పోయాడు.

"పద్యాలన్నీ నోటికొచ్చినోడు ఇంగెవుడుండాడప్పా? నువ్వే ఎక్కాల" అన్నాడు.

బావ పొంగిపోయాడు. అక్కతో "సూసినావా, ఊరు మర్సిపొయ్యింది" అన్నాడు. ఇక ఆయనకు మిగిలింది ఆ మాను ఒక్కటే. దొరస్వామి ఎటో పోయాడు, కృష్ణప్ప ముఖం చాటేశాడు, టాకీసుల్లో ఆ ముక్క ఉంచుకుని సినిమాను పారేశారు. మాను కూడా పోతే తను ఎవరో తనకే తెలియదు. అందుకే ఆ ఏడు కంకణం కట్టుకున్నాక నిష్ఠ మరీ కఠినంగా పాటించాడు. నేల మీద పడుకున్నాడు, ఉప్పు కూడా మానేశాడు. అక్క అవన్నీ చూస్తూ ఊరుకుంది.

తపస్సు నాడు నేను కుప్పం నుంచి వచ్చాను. మాను చుట్టూ నేల తడిపి పెట్టారు. డప్పులు మోగాయి. బావ కిరీటం, గడ్డం పెట్టుకుని, మానుకు మొక్కి, మొదటి పద్యం అందుకున్నాడు. గొంతు ఏమీ చెడలేదు, అదే నాకు అసహ్యం వేసింది. అంత పని చేసిన మనిషి గొంతు కాస్తయినా బొంగురుపోవాలి కదా. కళ్ళు మూసుకుని పాడుతూ ఎక్కాడు. కొన మీద మంచె చేరుకుని, బుట్టలోంచి నిమ్మకాయ తీసి, చెయ్యి పైకెత్తి, అప్పుడు కళ్ళు తెరిచి కిందికి చూశాడు.

మాను కింద ఒక్క ఆడమనిషి లేదు.

ఆడవాళ్ళు రాలేదని కాదు. వచ్చారు. గుడి గోడ వెంబడి వరసగా నిలబడి ఉన్నారు. పిల్లలు లేనివాళ్ళు, కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు, ఏటేటా వరపడి విసిగిపోయినవాళ్ళు. అందరూ పొడిచీరలతో నిలబడ్డారు. వీళ్ళు కూడబలుక్కున్నారని ఇప్పటికీ నేను అనుకోను. ఎవరికి వాళ్ళే ఆ పొద్దున నీళ్ళు పోసుకోకుండా వచ్చారు. అంకమ్మ కొడుకును చంకన వేసుకుని నేల చూస్తోంది. డప్పులవాళ్ళు కాసేపు ఇంకా గట్టిగా కొట్టి, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆపేశారు. చెంగయ్య "ఎవురన్నా రండమ్మా, ఒకరన్నా రండి" అని బతిమాలాడు. ఎవరూ కదల్లేదు.

అప్పుడు గుడి వెనక నుంచి మా అక్క వచ్చింది. నెత్తి మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి, చీర ఒంటికి అతుక్కుని ఉంది. మొగుడు ఎక్కిన మాను కింద పెళ్ళాం రాకూడదు. ఆమె వచ్చింది. మొగుడి పరువు కాపాడటానికి వచ్చిందనుకుని చెంగయ్య చేతులు జోడించాడు. నేనూ అలాగే అనుకున్నాను, నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

అక్క మాను మొదట్లో బురదలో బోర్లా కాదు, వెల్లకిలా పడుకుంది. ముఖం పైకి పెట్టి, ఎండకు కళ్ళు చికిలించుకుని, కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏనాడూ నోటితో పలకని మొగుడి పేరు ఊరంతా వినేలా పలికింది.

"మునస్వామీ! యాడ నీ మిసను? పిలువు దొరస్వామిని. తీసుకో. దగ్గిరగా తీసుకో. పరాయోళ్ళ ఆడోళ్ళు యాల, నీ పెండ్లాముండాది. ఇదో నా మొగం, బాగా అగుపడతాందా? పొయ్యి కుప్పంలో ఆడించు!"

ఎవరూ నవ్వలేదు. గోడ పక్కన అంకమ్మ ఒక్కతే పెద్దగా ఏడ్చింది. బావ చెయ్యి ఇంకా పైకెత్తే ఉంది. అక్క లేవలేదు. చీర ఒంటిమీదే ఆరిపోయేదాకా కళ్ళార్పకుండా పైకి చూస్తూ అక్కడే పడుకుంది. పైనుంచి ఏమీ పడలేదు.